రోడ్డు మీద వడ్లు

నేను పిరికివాణ్ణి. మా ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే గాని ఎవరూ ముఖం మీద అనరు. అనడానికి వాళ్లు మాత్రం ఏమంత మొనగాళ్లు? పోలీసు జీపు ఊళ్లోకి వస్తే ఏ తప్పూ చేయకుండానే దొడ్డిదారి వెతుక్కునే రకం మేమంతా. పేరు శంకరయ్య. ధరూర్ మండలంలో కృష్ణ పక్కన రెండున్నర ఎకరాల వరిచేను, ఇంకో రెండెకరాల కౌలు, ఒక భార్య, ఒక కూతురు. ఇంటర్ దాకా చదివాను. ఆ చదువు నాకు ధైర్యం నేర్పలేదు గాని దరఖాస్తు రాయడం నేర్పింది. ఆ దరఖాస్తే నా కొంప ముంచింది.

మొన్న మాఘమాసంలో ఒక మంగళవారం నన్ను గద్వాల కోర్టులో సాక్షి బోనెక్కించారు. నా భార్య అలివేలును సరుకులు మోసే డీసీఎం బండి గుద్ది అప్పటికి పదిహేను నెలలు. కళ్లారా చూసిన సాక్షిగా కాగితాల్లో ఉన్నది నా ఒక్కడి పేరే. నేను చెప్పే మాటను బట్టి ఆమెకు పరిహారం రావాలి, ఆ పరిహారంతో రెండో ఆపరేషన్ జరగాలి. ఎండాకాలం లోపల అది కాకపోతే కుడికాలు రెండు వేళ్ల మందం పొట్టిగానే నిలిచిపోతుందనీ, వాకర్ లేకుండా ఆమె ఇక నడవదనీ డాక్టరు చెప్పేశాడు. ఇంత తెలిసీ ఆ పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు నేను దేవుణ్ణి కోరుకున్నది ఒక్కటే. జడ్జిగారికి జ్వరం రావాలని.

ఎందుకంత భయమో తెలియాలంటే అంతకు ముందటేడు కార్తీకం దగ్గరికి పోవాలి.

మా దగ్గర కోతలయ్యాక వడ్లు ఆరబోసుకోవడానికి ఎవరికీ చోటుండదు. కొనుగోలు కేంద్రంలో తేమ ఎక్కువుందంటే సంచి ముట్టరు. పొలమంతా తడి పదును. రోడ్డు ఒక్కటే చదునుగా, వేడిగా ఉంటుంది కాబట్టి ఊరంతా రోడ్డెక్కుతుంది. సగం రోడ్డు వడ్లకు, సగం బండ్లకు. బండ్లు ఎక్కకుండా వడ్ల చుట్టూ తలకాయంత రాళ్లు పేరుస్తాం. గంటకోసారి ఆడవాళ్లు చెప్పులు విడిచి ఆ వడ్లలో కాళ్లీడ్చుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తారు, అడుగున ఉన్న గింజ పైకి రావడానికి.

ఇది తప్పని మాకు తెలియక కాదు. ఆ నెలలోనే పక్క ఊళ్లో ఒక పిల్లగాడి బైకు వడ్ల మీద జారి వాడి ప్రాణం పోయింది. ఆ వడ్ల రైతును స్టేషనుకు పిలిచారని ఒకరన్నారు. జైల్లో వేశారని ఇంకొకరన్నారు. మా వీధికి వచ్చేసరికి అతనికి ఏడేళ్లు పడ్డాయి. ఆ మరునాడే పోలీసులు ఆటోకు మైకు కట్టుకొచ్చి, రోడ్డు మీద వడ్లు పోస్తే కేసులు పెడతామని చెప్పిపోయారు. మేం అందరం విన్నాం. విని, మబ్బు పట్టేలా ఉందని ఇంకో రెండు ట్రాక్టర్ల వడ్లు తెచ్చి పోశాం.

ఆ రోజు సాయంత్రం నాలుగు కావస్తోంది. నేను వడ్లకు ఒక చివర కూర్చుని గోనెసంచులు దులుపుతున్నాను. అలివేలు రెండో చివర నుంచి వడ్లలో నడుస్తూ నావైపు వస్తోంది. ఆమె రాళ్ల లోపలే ఉంది. ఎవరి మీద ఒట్టు పెట్టమన్నా పెడతాను, రాళ్ల లోపలే ఉంది. ఆమె వెనక నుంచి డీసీఎం వచ్చింది. దానికి ఎదురుగా బండి లేదు, బర్రె లేదు. డ్రైవరు ఫోను చూస్తున్నాడో, కునుకు తీస్తున్నాడో వాడికే తెలియాలి. ముందు రాళ్లు ఎగిరిన చప్పుడైంది. ఆ తర్వాత అలివేలు ఎగిరిపడింది. బండి వడ్లలోనే ఇరవై అడుగులు పోయి ఆగింది. టైర్ల కింద వడ్లు రెండు చాళ్లుగా చీలి నల్లటి రోడ్డు బయటపడింది. బండి ఎక్కడెక్కిందో, ఆమె ఎక్కడుందో చెప్పడానికి ఆ రెండు చాళ్లను మించిన సాక్ష్యం లేదు. వాటిని చెరిపింది నేను.

108 ఇరవై నిమిషాల్లో వచ్చింది. అంతసేపూ నేను అలివేలు తలను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. అది మాత్రం నిజం. స్ట్రెచర్ ఎక్కించాక, ఇంటివాళ్లు ఒకరు ఎక్కండి అన్నాడు అందులో మనిషి. సరిగ్గా అప్పుడే ఎవరో అన్నారు, ధరూర్ నుంచి పోలీసులు బయల్దేరారని. ఆ మాటతో రోడ్డు మీదున్న ప్రతి మనిషీ ఎవరి వడ్ల వైపు వాళ్లు పరుగెత్తారు. నేను మా వదిన జములమ్మను అంబులెన్సు ఎక్కమని, బైకు మీద వెనకనే వస్తానని చెప్పి నా వడ్ల వైపు పరుగెత్తాను. అంబులెన్సు వెనక తలుపు ఇంకా తెరిచే ఉంది. లోపల ఆమెకు బెల్టులు బిగిస్తున్నారు. నేను దానికి వీపు పెట్టి, వడ్లు గుంజే చెక్కతో వడ్లు గుంజుతున్నాను. ఆ సమయంలో నాకు ఏం వినబడింది, ఏం వినబడలేదు అని మాత్రం ఇప్పుడే అడగొద్దు.

గంట తిరిగేలోపు కిలోమీటరు పొడవున్న వడ్లు మాయమయ్యాయి. రాళ్లు గుంతల్లో పడ్డాయి. చీపుర్లతో ఊడ్చారు కూడా. మా పెళ్లిళ్లకు పందిరి వేయడానికి రెండు రోజులు పట్టే ఊరు, ఆ రోజు గంటలో అంత పని చేసింది. పోలీసులు వచ్చి చూస్తే శుభ్రమైన రోడ్డు, నెత్తురు మరక, ఒక డీసీఎం. వాళ్లు చూసింది వాళ్లు రాసుకున్నారు. వాళ్లను ఏమీ అనడానికి లేదు.

గద్వాల దవాఖానలో కట్లు కట్టి ఆ రాత్రే కర్నూలు పంపించారు. డీసీఎం యజమాని తిరుపతయ్య మరునాడు బత్తాయిలు పట్టుకొని అక్కడికే వచ్చాడు. మాకు రెండూళ్ల అవతల మనిషి, మాట బహు మెత్తన. అరిచే మనిషైతే నేనూ అరిచేవాణ్ణేమో. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"శంకరన్నా, నేను పారిపోయేటోణ్ణి గాదు. బండికి ఇన్సూరెన్సున్నది, వాళ్లిస్తరు. నువ్వొక దరఖాస్తు రాసియ్యి. వడ్ల మాట మాత్రం రాయకు. రాసినవంటె నా డ్రైవరు కంటె ముందుగాల నిన్నే లోపలేస్తరు. రోడ్డు దాటుతుంటె గుద్దిండని రాయి, సాలు."

నేను ఆయనకు దండం పెట్టాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, కళ్లనీళ్లు పెట్టుకొని మరీ దండం పెట్టాను. దవాఖాన బల్ల మీదనే కూర్చుని, నా భార్య అలివేలు రోడ్డు దాటుచుండగా అని మొదలుపెట్టి గుండ్రటి అక్షరాలతో ఫిర్యాదు రాసి స్టేషనులో ఇచ్చాను.

మూడో రోజు అలివేలుకు తెలివి వచ్చింది. కాలికి ఇనుప చువ్వలు, తలకు ఎనిమిది కుట్లు. కాసేపు పైకప్పు చూసి, నన్ను చూసి, అడిగింది.

"వడ్లెత్తిండ్రా? బండి వడ్ల మీదికే ఎక్కె గదా. నేను పిలుస్తుంటె నువ్వు..."

"వడ్లేడివి అలివేలూ," నేను అడ్డం పడ్డాను. "మూడుకే ఎత్తినం గదా. నువ్వు నీళ్లకని రోడ్డు దాటుతుంటివి. అంబులెన్సు కదిలెదాక నేను నీ చెయ్యి వట్టుకొనే ఉంటి."

ఆమె జములమ్మ వైపు చూసింది. జములమ్మ వడ్లు కూడా ఆ రోడ్డు మీదవే.

"అవునే చెల్లె," అంది జములమ్మ. "తలకు దెబ్బ తగిలింది గదా, నీకట్ల అనిపిస్తుంది."

"అట్లనా," అంది అలివేలు. ఆ తర్వాత ఎవరు అడిగినా, నాకేం యాదికి లేదు అనడం మొదలుపెట్టింది. నాకు ప్రాణం కుదుటపడింది. నిజంగానే మరిచిపోయిందని నమ్మాను. అలా నమ్మడం నాకు సుఖంగా ఉంది కాబట్టి నమ్మాను.

ఇంటికొచ్చాక ఆమె తీరు మారింది. పొద్దున లేస్తూనే మా బిడ్డ తేజస్వినిని ఇయ్యాల ఏం వారం అని అడిగేది. ముందు తానే చెప్పి, "అవునా?" అని అడిగేది. నిన్న తిన్న కూర, మొన్న వచ్చిపోయిన చుట్టం, అన్నీ చెప్పి అవునా అనేది. కూరలో ఉప్పు వేసి, వేశానా అని నన్ను పిలిచి అడిగేది. వాకిట్లో కూర్చుని వేళ్ల మీద లెక్కపెడుతూ తన తోడబుట్టినవాళ్ల పేర్లు, వాళ్ల పిల్లల పేర్లు వరుసగా గొణుక్కోవడం ఒక మధ్యాహ్నం చూశాను. తేజస్విని మళ్లీ తలకు స్కానింగ్ తీయించింది. లోపల ఏ దెబ్బా లేదన్నారు. మరి ఎందుకిలా చేస్తోందో నాకు అంతుపట్టలేదు. అంతుపట్టించుకోలేదు అనడం న్యాయం.

తేజస్విని గద్వాలలో డిగ్రీ చదువుతోంది. ఒకరోజు వాళ్ల కాలేజీలో న్యాయ సేవాధికార సంస్థ మీటింగు జరిగిందట. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా పెడతారని చెప్పారట. పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ అనేది ఒకటి ఉంటుందని కూడా. "వకీళ్లూ వద్దు, కోర్టులూ వద్దు," అన్నాను నేను. మరునాడు తల్లిని ఆటోలో ఎక్కించుకొని పోయి పని పూర్తి చేసుకొచ్చింది. నా బిడ్డకు నా పోలిక రానందుకు సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

ఆ సంస్థ వాళ్లు పెట్టిన వకీలు పేరు నవనీత. ముప్పై ఐదేళ్లుంటాయి. గొంతు పెంచదు, కాగితం చదివినంతసేపు తల ఎత్తదు. నా ఫిర్యాదు ఆధారంగానే కేసు వేసింది. సాక్ష్యానికి ఆరు రోజుల ముందు నన్ను ఒక్కణ్ణే రమ్మని ఫోను చేసింది. కోర్టు పక్క గదిలో ఆమె బల్ల మీద ఒకే ఒక్క కాగితం ఉంది.

"శంకరన్నా, ఇది గద్వాల దవాఖానల మొదట రాసుకున్న చీటీ. నకలు నిన్న చేతికొచ్చింది. తొడ మీది గాయం కడిగినప్పుడు ఏం తీసిండ్రో రాసిండ్రు. వడ్ల గింజలు. రోడ్డు దాటే మనిషి పుండులకు వడ్ల గింజలు ఎట్లొచ్చినయ్?"

పదిహేను నెలలు ఊరంతా కలిసి దాచింది ఎవరో నర్సు ఒక్క ముక్కలో రాసిపెట్టింది. దగ్గరున్న సీసాలో నీళ్లు తాగాను. ఆ సీసా నవనీత మేడందని తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు మొత్తం చెప్పాను. అంబులెన్సు తలుపు సంగతి దాకా చెప్పాను. నా వీపు దాకా చెప్పాను.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఈ చీటీ అవతలి వకీలుకు గూడ అందుతది. చదివిండంటె, మీరు అబద్ధమాడి పరిహారం అడుగుతున్నరని అంటడు. కేసు పోతది. నిజం చెప్తె, వడ్లు పోసింది మనదీ తప్పే అని కొంత కోత పడొచ్చు. నీ మీద జరిమానా పడొచ్చు. ఆ పక్కూరి రైతుకు గూడ అదే పడ్డది, ఇంట్లనే ఉన్నడు. ముందు తప్పు రాసిచ్చినందుకు ఇంకేమన్న వస్తదా అంటె, రాదని నేను మాటియ్యలేను. ఏం చెప్తవో నువ్వే చూసుకో. అబద్ధం మాత్రం నేను చెప్పించ."

"మేడం, అలివేలు ముంగటనే చెప్పాల్నా?"

"ఆమె కేసు గదా అన్నా, ఆమె ఉంటది," అంది నవనీత.

ఏడేళ్ల జైలు జరిమానాగా మారాక నా భయం తగ్గాలి. తగ్గలేదు. చోటు మారిందంతే. వడ్లు ఎత్తి పోలీసులకు దొరక్కుండా పోయానన్నది ఊరికి తెలుసు. భార్యను అంబులెన్సులో వదిలేసి ఎత్తానన్నది ఆమెకు గుర్తులేదు. తెలిస్తే ఆమె నా ముఖం చూస్తుందా? ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె నన్ను పిరికివాడని ఒక్కసారీ అనలేదు. ఆ ఒక్క ఇంట్లోనే నాకు ఆ పేరు లేదు.

సాక్ష్యానికి ముందురోజు పొద్దున తిరుపతయ్య మా ఇంటికొచ్చాడు. మంచం మీద కూర్చుని చాయ్ తాగాడు, అలివేలును ఎట్లున్నవమ్మా అని అడిగాడు. పోతూ పోతూ నన్ను వాకిలి దాకా రమ్మన్నాడు.

"రాసిచ్చిన మాట మీదనే ఉండు శంకరన్నా. వడ్ల పేరెత్తితివా, ఆ రోజు రోడ్డు మీద ఎవరెవరివి ఉన్నయని అడుగుతరు. నలభై ఇండ్లు. వాళ్లల్ల ఎన్ని ఇండ్లోళ్లు నీకు మళ్ల నీళ్లిస్తరు? నీ కౌలు చేను ఎవరిదో యాదుంచుకో, వాళ్ల వడ్లు గూడ ఆ రోడ్డు మీదనే ఉండె."

మెత్తగానే అన్నాడు. ఎదురింటి మనిషి అంతా విని, నేను చూడగానే లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. నలభై ఇళ్లు పోతే నేనెక్కడికి పోవాలి? అలివేలు మంచం మీదనే కూర్చుని నన్ను చూస్తోంది.

కోర్టులో మా పేరు పిలిచేసరికి పదకొండు దాటింది. అలివేలుకు ఏమీ గుర్తులేదంటోంది కాబట్టి నవనీత మేడం ముందు నన్నే పిలిపించింది. అలివేలు వెనక బెంచీ మీద కూర్చుంది, పక్కన తేజస్విని. బోను అంటే సినిమాల్లోలా పెద్దదనుకున్నాను. నడుము దాకా వచ్చే చెక్క కటకటాలు, అంతే. నా పేరు, ఊరు, అలివేలు నాకేమవుతుంది, ఈ మూడు మాటలు అడిగి నవనీత మేడం, ఆ రోజు ఏం జరిగిందో చెప్పమంది. నోరు తెరిచాను. మాట రాలేదు. జడ్జిగారు నీళ్లు ఇప్పించారు. బండి గుద్దింది అని మాత్రం అని ఆగిపోయాను. మేడం నన్ను ఒకసారి చూసి కూర్చుంది.

ఇన్సూరెన్సు కంపెనీ వకీలు లేచాడు. తెల్లజుట్టు పెద్దమనిషి. నా ఫిర్యాదు తీసి నాకు చూపించాడు.

"ఈ రాత మీదేనా?"

"నాదే సార్."

"మీ భార్య రోడ్డు దాటుతుండగా అని రాశారు. మీరు చదువుకున్నవారు, తెలిసే రాశారు కదా?"

"తెలిసే రాసిన."

"ఆమె అటూ ఇటూ చూడకుండా ఒక్కసారిగా రోడ్డు దాటబోయింది. తప్పు బండిది కాదు, ఆమెదే. అవునా?"

అవును అంటే అయిపోతుంది. ఊళ్లో నలభై ఇళ్లు మిగులుతాయి, కౌలు మిగులుతుంది. అవును అనడానికి నా తల సగం ఊగింది కూడా. ఆ ఊపులోనే వెనక బెంచీ కనబడింది. అలివేలు పెదవులు కదులుతున్నాయి. పేర్లు గొణుక్కున్నప్పటి లాగే కదులుతున్నాయి. ఏమంటోందో అంత దూరం నుంచి కూడా నాకు తెలిసిపోయింది. నీళ్లకని రోడ్డు దాటుతుంటిని. నీళ్లకని రోడ్డు దాటుతుంటిని. నేను నేర్పిన అబద్ధాన్ని ఆమె బడిపిల్లలా అప్పజెప్పుకుంటోంది, ఎవరైనా అడిగితే తప్పు పోకుండా. పోలీసులంటే నాకు జీవితమంతా భయమే. కానీ ఆ పెదవులను చూసినప్పుడు కలిగిన భయం ముందు అదెంత?

"కాదు సార్," అన్నాను. "ఆమె రోడ్డు దాటలే. రోడ్డు మీద మా వడ్లున్నయి. చుట్టూ రాళ్లున్నయి. రాళ్ల లోపట వడ్లు తిప్పుతున్నది. బండి రాళ్లెక్కి వచ్చి గుద్దింది."

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. వేట దొరికినవాడిలా నెమ్మదించాడు.

"పోలీసుల పంచనామాలో ఒక్క గింజ లేదు. వడ్లు ఎక్కడికి పోయాయి?"

"ఎత్తిన."

"ఎప్పుడు?"

"ఆమెను అంబులెన్సు ఎక్కించినంక."

"అంబులెన్సు వెళ్లిపోయాకనా?"

"పోకముందే."

"అంటే, మీ భార్య అంబులెన్సులో నెత్తురోడుతూ ఉంటే మీరు ఆమె దగ్గర లేరు. కింద వడ్లు ఎత్తుకుంటున్నారు. ఇది మమ్మల్ని నమ్మమంటారా?"

"నమ్మకున్నా జరిగింది గదే సార్."

జడ్జిగారు రాయడం ఆపి నన్ను చూశారు. వినబడేలా ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాను. రెండోసారి చెప్పేటప్పుడు నా గొంతు నాకే పెద్దగా వినబడింది. బెంచీ వైపు చూడలేదు. చూసే ధైర్యం ఉంటే నేను నేనెందుకవుతాను? నవనీత మేడం లేచి దవాఖాన చీటీ జడ్జిగారికి అందించింది. అవతలి వకీలు దాన్ని తీసుకొని రెండుసార్లు చదివాడు. మిగతాది భోజనాల తర్వాత అన్నారు.

బయట వరండాలో నవనీత మేడం నాతో తక్కువ గొంతుతో అంది. "కేసు బతికింది అన్నా. కాని పూర్తిగ గాదు. నువ్వు ఒకటి రాసి, ఇంకోటి చెప్పినవ్. నీ ఒక్కని మాట నిలవదు. ఇంకొకరు చెప్పాలె. మీ ఊరోళ్లెవరు రారు." ఆమె అలివేలు కూర్చున్న వైపు చూసి, ఏదో ఆలోచిస్తూ లోపలికి పోయింది.

అలివేలు వరండా చివర సిమెంటు అరుగు మీద ఉంది. తేజస్విని నన్ను చూసి, నీళ్లు తెస్తానని లేచిపోయింది. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను. కూర్చోమని ఆమె అనలేదు. కొట్టినా, ఉమ్మినా పడాలని అనుకొనే పోయాను. ఆమె ముఖంలో కోపం లేదు. ఊపిరి బిగబట్టిన మనిషిలా ఉంది.

"నెత్తికి తువ్వాల కట్టుకున్నవా, వడ్లు గుంజెటప్పుడు?" అని అడిగింది.

"లేదు. తువ్వాల నీ తలకు కడితి గదా."

"అంగీ వీపు మీద నెత్తురుండె."

"ఉండె. నిన్ను ఎత్తినప్పుడు నీ చెయ్యి వీపుకు అంటింది."

"జములక్క నా కాళ్ల కాడ కూసున్నది."

"అవును."

ఆమె కళ్లు మూసుకుంది. కన్నీళ్లు కారుతున్నాయి గాని ఏడుపులా లేదు. చాలా రోజులకు జ్వరం విడిచినప్పుడు ఒళ్లు చెమట పట్టినట్టు, దానంతట అదే కారిపోతోంది.

"నా తలకాయ ఖరాబైందనుకున్న గదయ్యా," అంది. "కండ్లతోటి చూసిందే లేదంటిరి. నువ్వంటివి, అక్క అన్నది. ఇద్దరు అబద్ధమెందుకాడుతరు, నాకే పిచ్చి లేసిందనుకున్న. ఒక్కటి లేంది ఉన్నట్టు కనవడ్డదంటె, ఇంకెన్ని లేవో అని. బిడ్డ పేరు మర్చిపోతనేమో, పొయ్యి మీద ఏం వెడ్తనో ఏమో అని. రోజు పొద్దున లేస్తె ఒక్కటే భయం. కాలు పోతె పోయె. తలకాయ పోతె నన్నెవరు చూస్తరు?"

పదిహేను నెలలు ఇంట్లో భయపడుతున్నది నేనొక్కణ్ణే అనుకున్నాను. నేను దాచుకున్న భయం కన్నా నేను ఆమెకు పెట్టిన భయం ఎంత పెద్దదో ఆ అరుగు ముందు నిలబడి తెలుసుకున్నాను. ఏదో అనబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఇంకొక్కటి. నేను మూడుసార్లు పిలిచిన. పేరు వెట్టి పిలిచిన, ఎన్నడు పిలవలే గట్ల. అది నోటితోటి పిలిచిన్నో, లోపల్లోపలనే అనుకున్ననో తెలుస్తలేదు. నువ్వు తిరగలే. నీకు ఇనవడలేదా?"

వినబడలేదు అంటే చాలు. బండి ఇంజను చప్పుడుంది, జనం అరుపులున్నాయి, ఎవరైనా నమ్ముతారు. ఆమె కూడా నమ్ముతుంది, నమ్మాలనే అడుగుతోందేమో కూడా. మేడంకు చెప్పలేదు, జడ్జిగారికి చెప్పలేదు, నాకు నేను కూడా పూర్తిగా ఎప్పుడూ చెప్పుకోలేదు. మొదటి పిలుపు వినబడింది. శంకరీ అని, వాళ్ల అమ్మగారి ఇంటి వైపు పిలిచే తీరులో. రెండోది వినబడింది. మూడోది చాలా చిన్నగా వినబడింది. అప్పుడు నేను అనుకున్న మాట కూడా నాకు గుర్తుంది. ఈ కుప్ప ఒక్కటి గుంజి పోతా అనుకున్నాను. కుప్ప గుంజి తిరిగేసరికి అంబులెన్సు లేదు.

ఇనవడలేదు అంటే, ఆమె పిలిచిందో లేదో ఆమెకు ఎప్పటికీ తెలియదు.

"ఇనవడ్డది," అన్నాను. "మూడుసార్లు ఇనవడ్డది."

అలివేలు కళ్లు తుడుచుకుంది. నేను పట్టుకోబోతే నా చెయ్యి పక్కకు జరిపి, వాకర్ దగ్గరికి లాక్కొని, దాని మీద బరువు మోపి మెల్లగా లేచింది.

"అయితె నేను పిలిచిన మాట నిజమే," అంది. "మేడంకు చెప్పు. అంతా యాదికున్నది, నేను బోనెక్కి చెప్త."